ఒక్క కాంతికణమును పట్టు తీగె

హైదరాబాదునకు ఆగ్నేయమున, నాదర్‌గుల్‌కు సమీపముననే, రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థకు చెందిన డి.ఆర్.డి.ఎల్., ఆర్.సి.ఐ. అను రెండు ప్రయోగశాలలు గలవు. క్షిపణుల వలన వీటికి పేరు వచ్చినది. కాని 2020 డిసెంబరులో వీటి నడుమ జరిగిన ప్రయోగమునకు క్షిపణులతో పనిలేదు. 12 కిలోమీటర్ల గాజుతీగె గుండా కాంతికణములను పంపి, రహస్యలిపిని విప్పుటకు కావలసిన తాళపుచెవిని ఒకరినుండి మరొకరికి చేర్చిరి. బెంగుళూరు, ముంబై నగరములందున్న ఆ సంస్థ శాఖలే ఈ పద్ధతిని రూపొందించినవి.

కాంతికణమును, అనగా ఫోటాన్‌ను, రెండు ముక్కలు చేయ వీలులేదు. దారిలో ఎవడైన దానిని పట్టి కొలిచినచో దాని స్థితి చెడును. ఆ తప్పులు లెక్కలో బయటపడును. దొంగ దొరకును గాని మరియొక చిక్కు మిగులును. ఆ ప్రయోగమున దారి నష్టము 10 డెసిబెళ్లు. అనగా బయలుదేరిన పది కణములలో గమ్యము చేరునది ఒక్కటే. తీగె పొడవగుకొలది ఈ లెక్క మరింత కృశించును. అట్టి చోట, వచ్చిన కణమును విడిచిపెట్టని, రాని కణమును వచ్చినదని చెప్పని సాధనము కావలెను. రెండవ గుణమే దుర్లభము. నిజమైన కణములు అరుదైనప్పుడు దొంగలెక్కలే వాటిని ముంచివేయును.

ఈ వెదకులాట పాతదే. కాంతి కణములుగా వచ్చునని 1905లో ఐన్‌స్టీన్ సూచించెను. 1930 దశకమున ఫోటోమల్టిప్లయర్ గొట్టములు వచ్చినవి. ఒక ఎలక్ట్రాన్ లోహమునుండి వెలువడి, మెట్టుమెట్టునకు లక్షలుగా పెరుగును. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి రంగాపురం వేధశాలలో 48 అంగుళముల దూరదర్శినితో నక్షత్రకాంతిని కొలిచినది ఈ గొట్టములతోనే. కాని గాజుతీగెలలో నడచు పరారుణకాంతికి ఎలక్ట్రాన్‌ను ఊడబెరుకు శక్తి చాలదు. హైదరాబాదు ప్రయోగమున వాడినది అర్ధవాహక సాధనము. అందు ఒక్క ఎలక్ట్రాన్ కదలినచో కొండచరియ విరిగిపడినట్లు ప్రవాహము పుట్టును. అయితే వేడి వలన కూడ ఆ చరియ విరుగవచ్చును. విరిగిన పిదప కొంతతడవు దానికి విశ్రాంతి నీయవలెను.

2001లో మాస్కోకు చెందిన గోల్త్‌స్మన్, ఆయన సహచరులు వేరొక త్రోవ త్రొక్కిరి. నియోబియం నైట్రైడ్ పొర మందము 5 నానోమీటర్లు, దానినుండి చెక్కిన తీగె వెడల్పు 200 నానోమీటర్లు. ద్రవ హీలియంలో, సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద, ఆ తీగెకు విద్యున్నిరోధమే యుండదు. పాదరసమునందు ఈ వింతను 1911లోనే కామర్లింగ్ ఓన్స్ చూచెను. తీగె భరింపగల ప్రవాహమునకు కొంచెము తక్కువగా ప్రవాహమును పంపి వేచియుందురు. కాంతికణము తగిలినచోట జంటగట్టిన ఎలక్ట్రాన్లు విడిపోయి ఆ కొద్దిమేర అతివాహకత్వము నశించును. ప్రవాహము ప్రక్కలకు ఒదుగును. అక్కడ హద్దు మీరుటచే తీగె వెడల్పంతయు నిరోధము వహించును. వెంటనే ప్రవాహము వెలుపలి పరికరమునకు మరలి, ఒక విద్యుత్ స్పందముగా వినిపించును. కొన్ని నానోసెకండ్లలో తీగె చల్లబడి మరల సిద్ధమగును. వేడి దాదాపు లేనందున దొంగలెక్కలు బహుతక్కువ. వెల మాత్రము శీతలయంత్రమే.

2023 నవంబరులో సైకీ వ్యోమనౌక 1.6 కోట్ల కిలోమీటర్ల దూరమునుండి పంపిన లేసరు సందేశమును పాలొమార్ కొండమీది 200 అంగుళముల దర్పణము పోగుచేసినది. దాని వెనుక నిలిచి కణములను ఒక్కొక్కటిగా లెక్కించినవి ఇట్టి తీగెలే.