పేరు వేసుకోని రాతగాళ్ళు

పత్రిక చేతికి రాగానే కథ పేరు కంటే ముందు రాసినవాళ్ళ పేరు చూడటం మనలో చాలామందికి అలవాటు. నచ్చిన పేరు కనిపిస్తే పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, రెండు పేజీలు చదివి గాని లేవం. ఆడపేరు పెట్టుకుని రాసే మగవాళ్ళున్నారని తెలిశాక "ఇంతకీ ఈవిడ నిజంగా ఆవిడేనా?" అని ఆరాలు తీసినవాళ్ళమే కదూ! మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో కూర్చుని సైనికులు నడిపిన చిన్న చిన్న పత్రికల విషయంలో చరిత్రకారులు చేసేదీ ఇలాంటి ఆరాయే.

ఆ పత్రికల్లో బాగా పేరు పడ్డది 'వైపర్స్ టైమ్స్'. బెల్జియంలో ఈప్ర్ అనే వూరుంది. ఆ పేరు పలకడానికి నోరు తిరగక బ్రిటిష్ సైనికులు దాన్ని వైపర్స్ చేసేశారు. 1916 మొదట్లో ఫిరంగి దెబ్బలకి కూలిన ఆ వూళ్ళో, షేర్‌వుడ్ ఫారెస్టర్స్ దళం 12వ బెటాలియన్ వాళ్ళకి దిక్కులేకుండా పడివున్న అచ్చుయంత్రం ఒకటి దొరికింది. కందకాలు తవ్వడం, దారులు బాగుచెయ్యడం వాళ్ళ పని. వాళ్ళలో ఒక సార్జెంటు యుద్ధానికి రాకముందు ప్రెస్సులో పని చేసినవాడు. ఇంకేం కావాలి? కెప్టెన్ ఫ్రెడ్ రాబర్ట్స్ సంపాదకుడయ్యాడు. లెఫ్టినెంట్ జాక్ పియర్సన్ ఆయనకి కుడిభుజం. 1916 ఫిబ్రవరి 12న మొదటి సంచిక వంద ప్రతులు వేశారు. దళం మకాం మారినప్పుడల్లా పేరు మార్చుకుంటూ ఆ పత్రిక 1918 డిసెంబరు దాకా నడిచింది. మొత్తం 23 సంచికలు.

అందులో ఏడుపులుంటాయనుకునేరు! అన్నీ నవ్వులే. వేల ప్రాణాలు పోయిన 'హిల్ 60' అనే గుట్ట మీద ఇళ్ళస్థలాలు అమ్మకానికున్నాయని ఒక ఉత్తుత్తి ప్రకటన. యుద్ధం రేపో మాపో గెలిచేస్తామనే ఆశాభావం జబ్బు మీకుందా, అయితే మా దగ్గరకు రండి అని ఇంకొకటి. కవిత్వం అంటువ్యాధిలా పట్టుకుందనీ, కాస్త వచనం కూడా పంపమనీ సంపాదకుడి మొర. యుద్ధవార్తలు ఉప్పొంగిపోతూ రాసే బీచ్ థామస్ అనే విలేఖరిని 'టీచ్ బోమాస్' చేసి ఎంత ఏడిపించారో!

మరి ఇవన్నీ రాసిందెవరు? చాలావాటి కింద మారుపేరో, పొడి అక్షరాలో వుంటాయి. కొన్నిటి కింద అదీ లేదు. పైఅధికారుల్ని వెక్కిరించి కింద సంతకం పెట్టడం క్షేమం కాదు కదా! గిల్బర్ట్ ఫ్రాంకో లాంటి ఒకరిద్దరు తర్వాత రచయితలుగా పేరు తెచ్చుకున్నారు కనక తెలిశారు. మిగతావాళ్ళ కోసం పరిశోధకులు బెటాలియన్ దినచర్య పుస్తకాలు తిరగేస్తారు, పతకాల చీటీలు వెతుకుతారు, పొడి అక్షరాలు ఎవరికి సరిపోతాయో చూస్తారు. ఒక మారుపేరు నాలుగు సంచికల్లో కనిపించి మాయమైందనుకోండి. మనిషి పోయాడా, ఆసుపత్రి పాలయ్యాడా, లేక వేరే దళానికి బదిలీ అయ్యాడా? పత్రిక చెప్పదు.

ఇక్కడ నా మనసుకి పట్టుకున్న సంగతి ఒకటి చెబుతాను. ఆ దినచర్య పుస్తకాల్లో ఆఫీసరు చనిపోతే సాధారణంగా పేరు రాసేవారు. మామూలు సైనికులు చనిపోతే ఎక్కువగా అంకె వేసేవారు, ఇంతమంది అని. అంతటితో పోలేదు. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులకి లండన్‌లో దస్తావేజుల గిడ్డంగి తగలబడి, మామూలు సైనికుల సర్వీసు కాగితాల్లో సగానికి పైగా బూడిదయ్యాయి. అంటే కష్టపడి వెతికినా ఆఫీసరు దొరికే అవకాశం ఎక్కువ, సిపాయి దొరికే అవకాశం తక్కువ. నవ్వించినవాళ్ళల్లో కూడా పెద్ద పీట, చిన్న పీట వున్నాయన్నమాట.

మనవాళ్ళ సంగతి మరీ అన్యాయం. 1914 అక్టోబరులో అదే ఈప్ర్ దగ్గర భారత సిపాయిలు పోరాడారు. చదువు రాని సిపాయిలు ఇంటికి ఉత్తరాలు ఎవరిచేతనో రాయించుకునేవారు. సెన్సారు వాళ్ళు వాటిని చదివి, కొన్నిటిలోంచి ముక్కలు ఇంగ్లీషులోకి మార్చి నివేదికల్లో చేర్చారు. ఇవాళ చరిత్రకారులకి ఎక్కువగా మిగిలినవి ఆ ముక్కలే. అందులో సిపాయి గొంతు ఎంత, రాసిపెట్టిన వాడి మాట ఎంత, తర్జుమా చేసినవాడి చెయ్యి ఎంత? ఒక్క ఉత్తరం వెనక ముగ్గురు రచయితలు!

1930లో 'వైపర్స్ టైమ్స్' సంచికలన్నీ ఒకే పుస్తకంగా వచ్చాయి.  అందరికీ గుర్తుండేది రాబర్ట్స్ పేరే. కాదనను, ధైర్యం ఆయనది. కానీ ఆ ప్రెస్సులో సీసపు అక్షరాలు ఒక పేజీకి సరిపడా మాత్రమే వుండేవి. ఒక పేజీ కూర్చి, అచ్చువేసి, ఆ అక్షరాలే ఊడదీసి మళ్ళీ రెండో పేజీకి కూర్చాలి. పైన గుళ్ళు పడుతుంటే ఆ పని చేసిన చేతులు ఆ సార్జెంటువి. ఈసారి ఎవరైనా ఆ పత్రిక గురించి గొప్పగా చెబితే, రచయితలెవరని తర్వాత అడుగుదాం. ముందు అక్షరాలు కూర్చిందెవరని అడుగుదాం.