పనిముట్ల చరిత్ర - 7: ఆరె నుంచి స్ప్రే గన్ను దాకా



పోయిన వారం లంద గురించి రాశాను. ఈ వారం కారు రంగు గురించి. రెంటికీ సంబంధమేంటని అడుగుతారని తెలుసు. చివరిదాకా చదవండి.

అమరావతి స్తూపంలో దొరికిన ఒక రాతి పలక మీద పూర్ణఘటం చెక్కి ఉంటుంది. ఆ పలకను దానం చేసిన మనిషి ఎవరో శాసనం చెబుతుంది. పేరు విధికుడు. తండ్రి నాగ అనే ఉపాధ్యాయుడు. వృత్తి చర్మకారుడు. సాధారణ శకం తొలి శతాబ్దాల్లో కృష్ణ ఒడ్డున ఒక తోలు పనివాడు తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి స్తూపానికి రాయి దానం చేశాడు. దానం చేశాడంటే చేతిలో మిగులు ఉన్నట్టే. తోలు పని చేసేవాడి తండ్రి పంతులయ్యాడంటే, చేతిపనికీ చదువుకీ మధ్య అప్పటికి గోడ పూర్తిగా లేవలేదన్నట్టే.

అదే కృష్ణకు ఎగువన మా వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. మా తాత చేతిలో కూడా అవే పనిముట్లు: ఆరె, రంపె, గూటం. కానీ మా తాత ఎవరికీ రాయి దానం చేయలేదు. ఆయనకు మిగులు అనేదే తెలియదు. మోట బావికి తోలు తొండెం కుట్టాలి, దొరకు చెప్పులు కుట్టాలి. నిజాం రాజ్యంలో అందులో చాలా భాగం వెట్టి. మిగతాదానికి కల్లం కాడ నిలబడితే ఇన్ని గింజలు. పని లెక్క లేదు, ధర లెక్క లేదు. ఆరె మాది, ఆరెకు వెల కట్టే హక్కు మాది కాదు. విధికుడికీ మా తాతకూ మధ్య జరిగిన చరిత్రంతా ఈ ఒక్క మాటలో ఉంది.

1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్ళు వచ్చాయి. అంతకుముందే ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చి మోటను మింగుతున్నాయి. తొండెం అడిగేవాడు లేకుండా పోయాడు. మరోపక్క వరి పెరిగింది, మిర్యాలగూడలో మిల్లులు లేచాయి, సున్నపురాయి నేల మీద సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. వడ్లకూ సిమెంటుకూ లారీలు కావాలి. లారీకి ఏటా బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడే రోజొకటి ఉండేది. ఆ రోజుకు ముందు బండికి రంగు పడాలి. మా చిన్నాయన బతుకు అక్కడ మొదలైంది.

ఇక్కడ రంగు చరిత్ర కొంచెం. మొదట్లో కార్లకు కుంచెతో వార్నిష్ వేసేవారు. ఆరడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే లక్క రంగు తెచ్చింది. గంటల్లో ఆరేది. మన షెడ్లలో ఇప్పటికీ పెద్దోళ్ళు కారు రంగును ‘డ్యూకో’ అంటారు, అది ఆ కంపెనీ పెట్టిన పేరని తెలియకుండానే. ఇక స్ప్రే గన్ను. దాని మూలం వైద్యంలో ఉంది. టొలీడో ఊళ్ళో డెవిల్‌బిస్ అనే డాక్టరు గొంతు నొప్పి రోగులకు మందు చల్లడానికి ఒక పిచికారీ చేశాడు. ఆయన కొడుకు 1907లో దాన్ని రంగు చల్లే గన్నుగా మార్చాడు. గొంతును బాగుచేయడానికి పుట్టిన పనిముట్టు ఇది. ఈ మాట గుర్తుంచుకోండి.

కుల వ్యవస్థ చెక్క పనికి, ఇనుప పనికి, తోలుకు, నూలుకు పేర్లు పెట్టి పంచింది. లారీ క్యాబిన్‌కు రంగు కొట్టే పనికి పేరు పెట్టే లోపే ఆ పని పుట్టింది. అందుకే మా వాళ్ళకు అందులో సందు దొరికింది. కులం శ్రమనే కాదు, శ్రామికులనూ విభజించిందని బాబాసాహెబ్ 1936లో రాశారు. బొంబాయి మిల్లుల్లో ఏం జరిగిందో చూడండి. ఎక్కువ కూలి వచ్చే నేత ఖాతాలోకి మనవాళ్ళను రానివ్వలేదు. నాడెలోని నూలును నోటితో పీల్చాలి కదా, ఎంగిలి అంటుతుందన్నారు. కొత్త యంత్రం మీద కూడా పాత అంటు వచ్చి కూర్చుంది. అదృష్టం, స్ప్రే గన్నుకు నోరు తగలదు.

చిన్నాయనకు ఎవరూ పని నేర్పలేదు. ఒక షెడ్లో రెండేళ్ళు ఉప్పుకాగితంతో రుద్దడమే పని. మేస్త్రీ రంగు కలిపేటప్పుడు వీపు తిప్పేవాడు. చిన్నాయన పుల్ల మీంచి రంగు జారే తీరు చూసి థిన్నర్ పాలు పట్టుకున్నాడు. తర్వాత ఒక సాయిబు ఉస్తాద్ కులం అడగకుండా గన్ను చేతికిచ్చాడు, మూడు రోజులు పాత డోర్ల మీద నీళ్ళు కొట్టించాడు. అంతే ఆయన కాలేజీ.

ఆయన లెక్కల పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది. 1994 నాటి ఒక పేజీ: లారీ క్యాబిన్ 2,500. సామాను 1,100. పిల్లగాళ్ళ కూలి 400. మిగిలింది 1,000. దాని కింద రెండు గీతలు: ఇల్లు 600, గన్ను 400. పేజీ పేజీకీ ఆ రెండో గీత ఉంది. గన్ను అయిపోయాక ‘కంప్రెషర్’. దానికి చిన్నమ్మ కాళ్ళ కడియాలు అమ్మింది. బ్యాంకులో జామీను అడిగారు, జామీనుకు భూమి అడిగారు. తర్వాత గాలిలో నీటిని వేరుచేసే డబ్బా, తర్వాత పాలిష్ మిషన్. నది పక్క ఊరు కదా, వానాకాలం తేమకు లక్క రంగు తెల్లబారిపోయేది. రోడ్డు దుమ్ము తడి రంగు మీద వాలేది. అందుకని తెల్లవారుజామునే నేలకు నీళ్ళు చల్లి రంగు కొట్టేవాడు. కూలికి పోయేవాడు రోజును అమ్ముతాడు. పనిముట్టు ఉన్నవాడు పనిని అమ్ముతాడు, ధర తానే చెబుతాడు. మా ఇంట్లో ‘ఇంతకు తక్కువైతే చెయ్య’ అన్న మొదటి మనిషి ఆయన. ఆ మాట నన్ను చదివించింది.

పైసలొస్తే కులం కరుగుతుందని నేను చెప్పను. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపిన జిల్లా మాది. చిన్నాయన కొట్టిన రంగు అద్దంలా ఉందని మెచ్చుకున్న ఓనర్లే ఆయనకు చాయ వేరే గ్లాసులో పోయించారు.

ఆ పుస్తకం మొత్తం తిరగేశాను. ఇరవై ఏళ్ళ పేజీల్లో ఒక్కచోట కూడా ‘మాస్కు’ అన్న మాట లేదు.

లక్క రంగు పోయి హార్డెనర్ కలిపే రంగులు వచ్చాయి. ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. మూతికి కట్టుకున్న దస్తీ వాటిని ఆపదు. వాసనతో పసిగట్టడమూ కష్టం. ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం లేస్తుంది. బయటి శుభ్రమైన గాలిని పైపుతో అందించే మాస్కే సరైన రక్షణ. గొంతుకు మందుగా పుట్టిన పనిముట్టు చిన్నాయన గొంతునే పట్టుకుంది. ఇప్పుడు పది మెట్లు ఎక్కితే కూర్చుంటాడు.

“మాస్కు ఎందుకు కొనలేదు చిన్నాయనా?” అని అడిగాను.

“దానితోని పైసలు రావు గద బిడ్డా” అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. వెట్టి పోయింది కానీ వెట్టి లెక్క పోలేదు. తరతరాలుగా మా ఒంటికి ధర కట్టలేదు. అందుకే గన్నుకు వెల కట్టడం నేర్చుకున్న మనిషి కూడా తన ఊపిరిని ఉచిత సామాను కింద రాసుకున్నాడు, అసలు రాసుకోనే లేదు.

1974లో ఎస్సీ కార్పొరేషన్ వచ్చింది. 2021లో దళిత బంధు కింద కుటుంబానికి పది లక్షలన్నారు. పథకాలు వస్తాయి, పేర్లు మారతాయి. షెడ్డు పెట్టబోయే తమ్ముళ్ళకు నా మాట ఒక్కటే: కొటేషన్‌లో కంప్రెషర్ కంటే ముందు మాస్కు రాయండి. అది ఖర్చు కాదు, మీరు పెట్టే మొదటి పెట్టుబడి. మీ దగ్గరున్న అన్నిటికంటే ఖరీదైన పనిముట్టు మీ ఒళ్ళు.

మా ఊరి నరసింహస్వామి గుడిలో ఒక దీపం రెపరెపలాడుతూ ఉంటుంది. అది స్వామి ఊపిరి అంటారు. దూరదూరాల నుంచి వచ్చి ఆ ఊపిరికి దండం పెడతారు. అదే ఊళ్ళో చిన్నాయన రాత్రంతా దిండుకు ఆనుకొని కూర్చుంటాడు. ఆ ఊపిరిని లెక్కబెట్టేది చిన్నమ్మ ఒక్కతే.

జై భీమ్.