కుండీలోని చెట్టుకు చలిగండం

శీతలదేశాలలో ఒక వింత కనబడుతుంది. నేలలో నాటిన మొక్క మంచుకాలాన్ని దాటి చిగురిస్తుంది; అదే జాతి మొక్క ఆరుబయట కుండీలో ఉంటే చచ్చిపోతుంది. దీనికి కారణం తెలియడానికి చాలాకాలం పట్టినది.

17వ శతాబ్దపు ఐరోపా రాజులకు నారింజచెట్టు వైభవచిహ్నం. కాని అది గడ్డకట్టే చలికి ఆగదు. జర్మనీలోని హైడెల్‌బెర్గ్ కోటతోటలో సాలొమన్ ద కో నారింజచెట్లను నేలలోనే నాటించినాడు. శరత్కాలంలో వాటిచుట్టూ కొయ్యఇల్లు కట్టి, వసంతంలో విప్పేవారు. అక్కడ ఇల్లే చెట్టువద్దకు వచ్చేది.

ఫ్రాన్సులోని వెర్సాయిలో చెట్టే ఇంటికి వెళ్ళినది. 14వ లూయీ కొరకు వాస్తుశిల్పి మాన్సార్ 1684-1686లో దక్షిణాభిముఖంగా, దళసరి గోడలతో గొప్ప శాలను నిర్మించినాడు. కొయ్యపెట్టెలలో పెంచిన చెట్లను అక్టోబరులో లోపలికి చేర్చి, మే నెలలో వెలుపలికి తెచ్చే ఆచారం నేటికీ ఉన్నది. ఆరుబయటి చెట్లకు ఈ రక్షణ లేదు. 1709 జనవరి చలికి దక్షిణ ఫ్రాన్సులో ఆలివ్, నారింజ తోటలు నాశనమైనవి.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా నర్సరీలు మొక్కలను డబ్బాలలో పెంచి అమ్మసాగినవి. వేలకొలది డబ్బాలకు రాజశాలలు ఎక్కడివి? చలికాలపు నష్టం పెద్దసమస్య అయినది. అప్పుడు శాస్త్రజ్ఞుల దృష్టి వేళ్ళపైకి మళ్ళినది. 1976లో జాన్ హేవిస్ పలుజాతుల వేళ్ళు ఎంత చలికి చనిపోతాయో ప్రకటించినాడు. ఒక మాగ్నోలియా జాతి కొమ్మలు సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటిగ్రేడును తట్టుకొంటాయి. దాని వేళ్ళు సున్నకు దిగువ 5 డిగ్రీలకే చనిపోతాయి!

కొమ్మలు శరత్తులో క్రమంగా చలికి రాటుదేలుతాయి. వేళ్ళు అంతగా రాటుదేలవు. నేలలో వాటికి ఆ అవసరమూ లేదు. లోతు మన్నులో నిలిచిన వేడి, పైని మంచుదుప్పటి వాటిని కాపాడుతాయి. కుండీ మన్ను కొద్దిపాటిది. దానికి నలువైపులా చలిగాలి. గడ్డకట్టిన మన్ను నుండి నీరు అందక, ఆకురాల్చని మొక్కలు ఎండిపోవడం కూడా కద్దు.

అందుకే తోటమాలులు కుండీలను అంచువరకు నేలలో పాతుతారు, లేదా దగ్గరగా చేర్చి గడ్డితో కప్పుతారు. మన ప్రాంతంలో మంచు కురవకపోయినా, డిసెంబరు తెల్లవారుజామున కుండీమన్నులోను, తోటనేలలోను ఒకే లోతున ఉష్ణమాపకాలు ఉంచి చూస్తే ఈ భేదాన్ని విద్యార్థులు స్వయంగా గ్రహించవచ్చు.