మటౌరా మిల్లులో తెట్టు: ఒకే లోహం, నాలుగు రకాల రసాయన చర్యలు

ఎపిసోడ్‌లో చెప్పుకున్న విషయాన్నే ఇక్కడ సమీకరణాలతో కలిపి రాస్తున్నాను. చెవితో వింటే సమీకరణం నిలవదు, కంటితో చూడాలి. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

పాఠ్యపుస్తకంలో రసాయన చర్యలు నాలుగు రకాలని ఉంటుంది: రసాయన సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం. ఒక్కోదానికి ఒక్కో ఉదాహరణ ఇస్తారు. మెగ్నీషియం తీగ కాలడం, సున్నపురాయి వేడికి విడిపోవడం, మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు, లెడ్ నైట్రేట్‌లో పొటాషియం అయొడైడ్ పోస్తే వచ్చే పసుపు రంగు. ఉదాహరణలు వేరువేరు కాబట్టి ఆ నాలుగూ ఒకదానికొకటి సంబంధం లేనివన్నట్టు పిల్లలు బట్టీ పట్టేస్తారు. కానీ నేనుండే ఇన్వర్‌కార్గిల్ చుట్టుపక్కల ఒక్క అల్యూమినియం కథలోనే ఈ నాలుగూ వరసగా కనిపిస్తాయి. అందులో నాలుగోది ఒక ఊరికి కొన్నేళ్లపాటు నిద్ర లేకుండా చేసింది.

స్థానభ్రంశం: బలమైనది బలహీనమైనదాన్ని నెట్టేస్తుంది

అల్యూమినియం భూమి పొరలో అన్నిటికంటే ఎక్కువగా దొరికే లోహం. అయినా 200 ఏళ్ల కిందటి దాకా దాన్ని లోహంగా ఎవరూ చూడలేదు. ఎందుకంటే అది ఆక్సిజన్‌ను పట్టుకుంటే వదలదు. ఇనుప ఖనిజంలా బొగ్గుతో కలిపి కొలిమిలో పెడితే లొంగదు.

1825లో డెన్మార్క్‌లో అయిర్‌స్టెడ్, 1827లో జర్మనీలో వోలర్ ఇంకో దారి పట్టారు. అల్యూమినియం కంటే చురుకైన పొటాషియాన్ని దాని మీదికి వదిలారు.

అల్యూమినియం క్లోరైడ్ + పొటాషియం → పొటాషియం క్లోరైడ్ + అల్యూమినియం

పొటాషియం వచ్చి అల్యూమినియాన్ని దాని చోటు నుంచి నెట్టేసింది. ఇదే స్థానభ్రంశం. వోలర్ చేతికి వచ్చింది బూడిద రంగు పొడి మాత్రమే. 1854లో ఫ్రాన్స్‌లో డెవిల్ పొటాషియం బదులు సోడియం వాడి ధర తగ్గించాడు. అయినా 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన 100 ఔన్సుల అల్యూమినియం ముక్క పెట్టడమే అప్పట్లో పెద్ద విశేషం.

తమాషా ఏంటంటే, పొటాషియం ముందు ఓడిపోయిన ఈ అల్యూమినియమే ఇనుము ముందు గెలుస్తుంది. ఐరన్ ఆక్సైడ్‌లో అల్యూమినియం పొడి కలిపి ముట్టిస్తే ఇనుము కరిగి బయటికొస్తుంది. థర్మిట్ చర్య అంటే ఇదే. రైలు పట్టాలు అతికేది దీంతోనే. ఎవరు ఎవర్ని నెట్టగలరో చెప్పే వరుసే మీ పుస్తకంలోని చర్యాశీలత శ్రేణి.

వియోగం: విడదీయాలంటే ఖర్చు పెట్టాలి

1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్స్‌లో ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే పద్ధతి కనిపెట్టారు. ఇద్దరూ 1863లోనే పుట్టారు, ఇద్దరూ 1914లోనే పోయారు. అల్యూమినాను, అంటే అల్యూమినియం ఆక్సైడ్‌ను, నేరుగా కరిగించాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. వాళ్లు దాన్ని కరిగిన క్రయోలైట్‌లో వేస్తే సుమారు 950 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగింది. అందులోకి కరెంటు పంపారు.

అల్యూమినియం ఆక్సైడ్ + కార్బన్ → అల్యూమినియం + కార్బన్ డయాక్సైడ్

కరెంటు ఆక్సైడ్‌ను విడగొడుతుంది కాబట్టి ఇది విద్యుత్ వియోగం. విడిపోయిన ఆక్సిజన్ ఊరికే పోదు, పైనున్న కార్బన్ దిమ్మెను కాల్చుకుంటూ పోతుంది. అల్యూమినియం ఆక్సిజన్‌ను పోగొట్టుకుంది, అది క్షయకరణం. కార్బన్ ఆక్సిజన్‌ను తీసుకుంది, అది ఆక్సీకరణం. పిల్లలూ, ఒక చర్యకు ఒకే పేరు ఉండాలని రూలు లేదు. ఏ వైపు నుంచి చూస్తున్నామో ఆ పేరు పెడతాం.

ఇన్వర్‌కార్గిల్‌కు దక్షిణాన, బ్లఫ్ రేవుకు ఎదురుగా, టివాయ్ పాయింట్ దగ్గర 1971 నుంచి జరుగుతున్నది ఈ పనే. అల్యూమినా ఓడల్లో ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. మనవైపు చూస్తే, కోరాపుట్ కొండల బాక్సైట్ నుంచి దామంజోడిలో నాల్కో తీసే అల్యూమినా విశాఖపట్నం రేవు నుంచి బయటి దేశాలకు పోతుంది. చూడ్డానికి రెండూ ఒకటే, తెల్లటి పొడి.

మరి కరెంటు ఎక్కడిది? మనపౌరి సరస్సు నుంచి. దేశం మొత్తం వాడే కరెంటులో ఎనిమిదో వంతు దాకా ఈ ఒక్క ఫ్యాక్టరీయే తీసుకుంటుంది. దీనికోసం సరస్సు మట్టం పెంచుతామంటే జనం తిరగబడ్డారు. 1970 పిటిషన్ మీద 2,64,907 సంతకాలు పడ్డాయి. చివరికి మట్టం పెంచలేదు. ‘వియోగ చర్యకు శక్తి అందించాలి’ అని పుస్తకంలో ఒక్క లైను ఉంటుంది. ఆ ఒక్క లైను వెనక ఒక సరస్సు ఉండొచ్చు.

సంయోగం: గాలి కూడా ఊరుకోదు

అంత కష్టపడి తీసిన లోహం కరిగి ఉన్నప్పుడు గాలి తగిలితే ఏమవుతుంది? మరిగిన పాల మీద మీగడ కట్టినట్టు పైన తెట్టు కడుతుంది. ఫ్యాక్టరీ భాషలో దాన్ని డ్రాస్ అంటారు.

అల్యూమినియం + ఆక్సిజన్ → అల్యూమినియం ఆక్సైడ్
అల్యూమినియం + నైట్రోజన్ → అల్యూమినియం నైట్రైడ్

రెండు కలిసి ఒకటయ్యాయి, ఇది రసాయన సంయోగం. నైట్రోజన్ ఎవరి జోలికీ పోని మెతక వాయువని క్లాసులో చెప్తారు. మామూలు వేడిలో నిజమే. కరిగిన అల్యూమినియం మీద ఆ మాట చెల్లదు. ఈ నైట్రైడే మన కథలో అసలు పాత్ర.

ద్వంద్వ వియోగం: భాగస్వాములు మారితే

తెట్టులో మిగిలిన లోహాన్ని తీసుకున్నాక కొంత చెత్త మిగులుతుంది. దాన్ని ఎరువుగా మారుస్తామని తాహా ఏషియా పసిఫిక్ అనే కంపెనీ తీసుకుంది. ఆ సరుకు పేరు ఉవేయా ప్రీమిక్స్. దాన్ని సౌత్‌లాండ్‌లో పలుచోట్ల నిల్వ పెట్టారు. దాదాపు 10 వేల టన్నులు మటౌరా అనే చిన్న ఊళ్లో, మూతపడ్డ పాత కాగితం మిల్లులో పెట్టారు. ఆ మిల్లు సరిగ్గా నది ఒడ్డున ఉంది. 2016లో కంపెనీ మూతపడి లిక్విడేషన్‌లోకి పోయింది. సరుకు మాత్రం అక్కడే ఉండిపోయింది.

నది ఒడ్డున ఉంటే ఏంటి? ఇది చూడండి.

అల్యూమినియం నైట్రైడ్ + నీరు → అల్యూమినియం హైడ్రాక్సైడ్ + అమ్మోనియా

అల్యూమినియం నైట్రోజన్‌ను వదిలి నీటిలోని హైడ్రాక్సైడ్‌ను పట్టుకుంది. నైట్రోజన్ పోయి హైడ్రోజన్‌తో జతకట్టింది. జతలు మారాయి కాబట్టి ఇది ద్వంద్వ వియోగం, నీటితో జరిగింది కాబట్టి జలవిశ్లేషణ అని కూడా అంటారు. లెక్క ప్రకారం 41 గ్రాముల అల్యూమినియం నైట్రైడ్ పూర్తిగా తడిస్తే 17 గ్రాముల అమ్మోనియా వస్తుంది. ఆ బస్తాల్లో ఉన్నదంతా నైట్రైడ్ కాదు, నిజమే. కానీ సరుకు టన్నుల్లో ఉంది. అమ్మోనియా కళ్లను, గొంతును, ఊపిరితిత్తులను కాల్చే వాయువు.

2020 ఫిబ్రవరిలో మటౌరా నదికి వరద వచ్చింది. ఊరు ఖాళీ చేయించారు. ఇళ్లు మునుగుతాయన్న భయం ఒకటి, మిల్లులో బస్తాలు తడుస్తాయన్న భయం ఇంకొకటి. వరద మిల్లు దాకా వచ్చినా పెద్ద ప్రమాదం తప్పింది. ఆ తర్వాత ఒత్తిడి పెరిగి, బస్తాలను లారీలకెత్తి తిరిగి టివాయ్‌కి చేర్చడం 2021 జులైలో పూర్తయింది.

ఒక్కసారి వెనక్కి చూడండి. ఆ పొడి ఏళ్ల తరబడి పొడిగా పడి ఉన్నంతకాలం ఏమీ చెయ్యలేదు. అందులో ఏముందో కాగితం మీద రాసే ఉంది. నదికి వరదలొస్తాయన్నదీ కొత్త సంగతి కాదు. ఈ రెండు ముక్కల్నీ కలిపి, మధ్యలో బాణం గుర్తు గీసి, అవతల ఏం వస్తుందో గోదాము ఎంచుకునే రోజే అడగాల్సింది. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే పెద్ద చదువులేం అక్కర్లేదు, పదో తరగతి పాఠం చాలు.

నేను ఐటీఐ చదివి సైటు పనిలో ఉన్నవాణ్ణి, కెమిస్ట్రీ మాస్టారును కాను. మా సైటుకొచ్చే ప్రతి రసాయనం డబ్బాకీ ఒక భద్రతా పత్రం ఉంటుంది, అందులో 16 భాగాలు. 10వ భాగం స్థిరత్వం, చర్యాశీలత గురించి. ఈ సరుకు నీటితో, యాసిడ్‌తో, వేడితో, ఇంకో లోహంతో కలిస్తే ఏమవుతుందో అక్కడ రాసి ఉంటుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లతో నేను ముందు చదివించేది ఆ భాగమే.

పిల్లలకు నాలుగు రకాల నిర్వచనాలు రావాలి, మార్కులు దానికే. దాంతోపాటు ఒక చిన్న అలవాటు కూడా చెయ్యండి. ఇంట్లో ఏ డబ్బా కనిపించినా, బ్లీచింగ్ పౌడరైనా సున్నమైనా, పక్కన ఏం పెట్టకూడదో, తడిస్తే ఏమవుతుందో అడగమనండి. మూత తీసి ప్రయోగం చెయ్యక్కర్లేదు, లేబుల్ చదివి కాగితం మీద బాణం గీస్తే చాలు.