కారు లోపల ఎల్.ఇ.డి. దీపాలు: వైరు కలిపే ముందు తెలుసుకోవలసినవి

ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ ప్రాంతాల్లో ఉంటున్న మన తెలుగువారికి కారు దాదాపు రెండో ఇల్లు. పొద్దున్న ఆఫీసు, సాయంత్రం పిల్లల సంగీతం క్లాసు, వారాంతంలో గుడి, మధ్యలో కిరాణా. చీకటి పడ్డాక వెనక సీటు కింద పడిపోయిన పిల్లవాడి బూటు వెతకాలంటే కంపెనీవాళ్ళు బిగించిన చిన్న బల్బు వెలుతురు చాలదు. అందుకే చాలామంది ఎల్.ఇ.డి. దీపాల సెట్టు తెప్పించుకుని, శనివారం మధ్యాహ్నం గరాజులో సొంతంగా బిగించుకుంటున్నారు. ఇది కష్టమైన పనేమీ కాదు. కాని డబ్బాలో వచ్చే కాగితంలో దీపం ఎక్కడ అతికించాలో బొమ్మ ఉంటుందే తప్ప, దానికి కరెంటు ఎక్కడినుంచి తీసుకోవాలో, మధ్యలో ఏ రక్షణ ఉండాలో వివరంగా ఉండదు. దీపం చిన్నదే. దాని వెనక ఉన్న బ్యాటరీ మాత్రం షార్టయితే వందల ఆంపియర్లు పారించగలదు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క విషయం చుట్టూనే.

మన ఊరి పక్కనే పుట్టిన దీపం

ఎల్.ఇ.డి. చరిత్రలో మన ప్రాంతానికి చోటుంది. 1961లో డాలస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో జేమ్స్ బయర్డ్, గ్యారీ పిట్‌మన్ అనే ఇంజనీర్లు గాలియం ఆర్సెనైడ్ డయోడ్ నుంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వెలువడుతోందని గమనించారు. 1962లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. అదే ఏడాది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్ర ఎల్.ఇ.డి.ని తయారుచేశారు. నీలం రంగుకు మరో మూడు దశాబ్దాలు పట్టింది. ఆ కృషికి అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ఇవాళ మన కారులో వెలిగే తెల్ల ఎల్.ఇ.డి. నిజానికి పసుపు ఫాస్ఫర్ పూత వేసిన నీలం ఎల్.ఇ.డి.యే.

బల్బు మార్చడమా, స్ట్రిప్ బిగించడమా?

మీకు కావలసింది ఎక్కువ వెలుతురు మాత్రమే అయితే వైరింగు జోలికి పోనక్కరలేదు. డోమ్ లైటు, మ్యాపు లైటు, డిక్కీ లైటులలో ఉన్న బల్బు తీసి అదే సైజు ఎల్.ఇ.డి. పెడితే సరిపోతుంది. ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి 194 నంబరు బల్బు, దీన్నే టి10 అని కూడా అంటారు. రెండోది రెండు చివరలా లోహపు టోపీలున్న గొట్టంలాంటి ఫెస్టూన్ బల్బు. 194 పాత బల్బు సుమారు 0.27 ఆంపియర్లు తీసుకుంటుంది. ఎల్.ఇ.డి. అంతకంటే చాలా తక్కువతో సరిపెట్టుకుంటుంది. ఎల్.ఇ.డి.కి ప్లస్సు, మైనస్సు తేడా ఉంటుంది కనుక పెట్టగానే వెలగకపోతే తీసి తిప్పి పెట్టి చూడండి. కొన్ని బల్బుల్లో కారు కంప్యూటరును ఒప్పించడానికి అదనంగా రెసిస్టర్లు ఉంటాయి. అవి బాగా వేడెక్కుతాయి. పది నిమిషాలు వెలిగించి, ప్లాస్టిక్ మూత మీద చెయ్యి పెట్టి చూడటం మంచిది.

కాళ్ళ దగ్గర, సీట్ల కింద, డాష్‌బోర్డు అంచున వెలుగు కావాలంటే స్ట్రిప్పులు బిగించాలి. వైరింగు మొదలయ్యేది ఇక్కడే.

ముందు లెక్క, తర్వాత కత్తెర

సాధారణంగా దొరికే 5050 రకం స్ట్రిప్పులో మీటరుకు 60 ఎల్.ఇ.డి.లు ఉంటాయి. 12 వోల్టుల దగ్గర అది మీటరుకు 14.4 వాట్లు, అంటే 1.2 ఆంపియర్లు తీసుకుంటుంది. అయితే కారులో ఎప్పుడూ 12 వోల్టులే ఉండవు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండుగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజను నడుస్తుంటే 14.4 దాకా వెళుతుంది.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కాని దాని ప్రభావం పెద్దది. స్ట్రిప్పులో మూడేసి ఎల్.ఇ.డి.లు వరసగా ఉంటాయి. తెల్లవైతే మూడూ కలిసి సుమారు 9.3 వోల్టులు తీసుకుంటాయి. మిగతా వోల్టేజీ రెసిస్టరు మీద పడుతుంది. 12 వోల్టుల దగ్గర రెసిస్టరు వాటా 2.7, 14.4 దగ్గర 5.1. అంటే వోల్టేజీ పెరిగింది 20 శాతమే అయినా కరెంటు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. చవకరకం స్ట్రిప్పులు కొద్దినెలల్లోనే మాడిపోవడానికి ఇదొక కారణం. వందకు పైగా ఫారెన్‌హీట్ డిగ్రీల మన వేసవిలో, ఎండలో నిలిపిన కారు వేడి దీనికి తోడవుతుంది.

నలుగురి కాళ్ళ దగ్గరా 25 సెంటీమీటర్ల ముక్క చొప్పున మొత్తం ఒక మీటరు స్ట్రిప్ అనుకుందాం. లెక్కకు 1.2 ఆంపియర్లు, ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 2 ఆంపియర్లు. దీనికి 18 గేజి రాగి వైరు, 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. గేజి నంబరు తగ్గేకొద్దీ వైరు లావు పెరుగుతుందని గుర్తుంచుకోండి.

ఫ్యూజు దీపం కోసం కాదు, వైరు కోసం

చాలామంది పొరబడేది ఇక్కడే. "కారులో ఫ్యూజు ఉందిగా, ఆ వైరుకే కలిపేస్తే సరి" అనుకుంటారు. ఉదాహరణకు సిగరెట్ లైటరు సాకెట్టుకు వెళ్ళే లావు వైరుకు 15 ఆంపియర్ల ఫ్యూజు ఉందనుకోండి. దానికి మీరు దారంలాంటి సన్నని వైరు కలిపారు. ఎప్పుడో సీటు పట్టాల మధ్య నలిగి ఆ వైరు పైతొడుగు చిరిగింది, బాడీకి తగిలి 12 ఆంపియర్లు పారడం మొదలైంది. 15 ఆంపియర్ల ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది, అది కాలదు. కాలేది కార్పెట్ కింద ఉన్న మీ సన్న వైరు. వెనక సీటులో పిల్లలుంటారన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి కొత్త వైరుకు దాని లావుకు తగిన సొంత ఫ్యూజు ఉండాలి. అదీ దీపం దగ్గర కాదు, కరెంటు బయలుదేరే చోటికి వీలైనంత దగ్గరగా. దీనికి సులువైన సాధనం ఫ్యూజ్ ట్యాప్. ఫ్యూజు పెట్టెలో ఉన్న పాత ఫ్యూజు తీసి, ఆ స్థానంలో ట్యాప్ పెడితే, పాత ఫ్యూజూ కొత్త ఫ్యూజూ రెండూ అందులోనే కూర్చుంటాయి. మినీ, లో ప్రొఫైల్ మినీ, మైక్రో అని ఫ్యూజుల్లో రకాలున్నాయి. మీ కారుది ఏదో చూసి కొనాలి.

ట్యాపును ఎటు తిప్పి పెట్టాలన్నదీ ముఖ్యమే. పాత ఫ్యూజు తీశాక ఆ రెండు గాడుల్లో కరెంటు వస్తున్నది ఏదో మల్టీమీటరుతో చూడండి. ట్యాపులో రెండు ఫ్యూజులకూ ఉమ్మడిగా ఉన్న కాలు అటువైపు ఉండాలి. తిరగేస్తే మీ దీపాల కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే వెళుతుంది.

ఏ ఫ్యూజు దగ్గర తీసుకోవాలి?

తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజును ఎంచుకోండి. ఎయిర్‌బ్యాగు, ఎ.బి.ఎస్., ఇంజను కంప్యూటరు, హెడ్‌లైట్ల ఫ్యూజుల జోలికి వెళ్ళవద్దు. ఏది దేనిదో ఓనర్స్ మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది.

తలుపు తీయగానే వెలగాలంటే డోమ్ లైటు సర్క్యూట్‌తో కలపాలి. పాత కార్లలో ఇది తేలిక. చాలా జపాన్ కార్లలో బల్బుకు ప్లస్సు ఎప్పుడూ ఉంటుంది, తలుపు స్విచ్చి మైనస్సును కలుపుతుంది. కొత్త కార్లలో ఆ లైటును బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటరు నడుపుతుంది. దాని మీద అదనపు భారం వేస్తే లైటు ఆపేయవచ్చు, మాడ్యూలే పాడైపోవచ్చు. అది మార్పించడం ఖర్చుతో కూడిన పని. అలాంటి కార్లలో ఫ్యూజ్ ట్యాప్, విడి స్విచ్చి పద్ధతే మేలు.

ముట్టుకోకూడని వైర్లు

పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగులవి. వాటిని కత్తిరించకూడదు, టెస్ట్ లైటుతోగాని మీటరుతోగాని పరీక్షించకూడదు. ముందు సీట్ల కింద కూడా అవి ఉంటాయి. ముందు అద్దం పక్క స్తంభాలలో, పైకప్పు అంచున కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. వాటి మీదుగా వైరు లాగితే ప్రమాద సమయంలో అవి సరిగా తెరుచుకోకపోవచ్చు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళు హై వోల్టేజివి. అవి కనిపిస్తే ఆ దారి వదిలెయ్యండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పి, కొన్ని నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగు వ్యవస్థలో నిలవ ఉన్న కరెంటు పోవడానికి ఆ సమయం కావాలి.

బ్రేకు, యాక్సిలరేటరు పెడళ్ళ దగ్గర వేలాడే వైరు అన్నిటికంటే ప్రమాదం. స్ట్రిప్ వెనక ఉన్న జిగురు ఎండకు ఊడిపోతుంది కనుక దాని ఒక్కదాన్నే నమ్మకుండా ప్లాస్టిక్ జిప్ టైలతో బిగించండి. అతుకులకు క్రింపు కనెక్టర్లు, వాటి మీద హీట్ ష్రింక్ గొట్టం వాడండి. వైరు తొడుగును కొరికి పట్టుకునే క్లిప్పులు కారు కుదుపులకు వదులవుతాయి. మైనస్సును పెయింటు లేని లోహానికి, గట్టి బోల్టుకు కలపండి. ఎయిర్‌బ్యాగు వైర్లు కలిసే బోల్టు మాత్రం వద్దు.

ఇండియా ప్రయాణానికి ముందు

రిమోట్‌తోనో ఫోనుతోనో నడిచే కంట్రోలర్లు దీపాలు ఆర్పినా కొంచెం కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 20 మిల్లీఆంపియర్లు అనుకుందాం. మీరు ఆరు వారాలు ఇండియా వెళ్ళారు, అంటే సుమారు 1,000 గంటలు. కంట్రోలరు ఒక్కటే 20 ఆంపియర్ అవర్లు తాగేస్తుంది. కారు తనకోసం తీసుకునేది 30 మిల్లీఆంపియర్లయితే మరో 30. మొత్తం 50. మామూలు కారు బ్యాటరీ సామర్థ్యం దాదాపు అంతే. రాత్రి విమానం దిగి, నిద్రకళ్ళతో పిల్లలతో పార్కింగులోకి వచ్చేసరికి కారు కదలదు. తాళంతోపాటు ఆగిపోయే ఫ్యూజుకు కలిపితే ఈ బాధ లేదు.

చట్టం, తనిఖీ, వారంటీ

టెక్సాస్ రవాణా చట్టం 547వ అధ్యాయం ప్రకారం, ప్రత్యేక అనుమతి ఉన్న వాహనాలకు తప్ప, మినుకుమినుకుమనే ఎరుపు, తెలుపు, నీలం దీపాలు ఉండకూడదు. కారు ముందునుంచి ఎర్రదీపం కనిపించకూడదు. కాబట్టి పాటకు తగ్గట్టు రంగులు మార్చే సరదా కారు నిలిపి ఉన్నప్పుడే. నడిపేటప్పుడు కాంతి ముందు అద్దంలో ప్రతిబింబించకుండా, తక్కువ వెలుగులో, డాష్‌బోర్డు కిందికే పరిమితం చేయండి.

ప్రైవేటు కార్లకు సేఫ్టీ తనిఖీని టెక్సాస్ 2025 జనవరి 1 నుంచి తీసేసింది. అంటే మీ వైరింగును మరెవరూ చూడరు, చూసుకోవలసింది మీరే. అయితే ప్లేనో ఉన్న కాలిన్ కౌంటీలో పెట్రోలు కార్లకు ఎమిషన్స్ పరీక్ష ఇంకా ఉంది. బ్యాటరీ విప్పితే కారు కంప్యూటరులో ఆ పరీక్షకు కావలసిన సమాచారం చెరిగిపోతుంది. అందుకని పరీక్ష దగ్గరపడ్డప్పుడు ఈ పని పెట్టుకోకండి. చేసి ఉంటే కొన్ని రోజులు ఊళ్ళోనూ హైవే మీదా నడిపాక వెళ్ళండి.

బయటి దీపం పెట్టినంత మాత్రాన వారంటీ మొత్తం పోదు. 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం వినియోగదారుకు ఆ రక్షణ ఇచ్చింది. కాని మీ వైరింగు వల్లే భాగం చెడిపోయిందని తేలితే ఆ మరమ్మతు ఖర్చు మీదే. లీజు కారైతే విప్పిన బల్బులు, క్లిప్పులు అన్నీ దాచుకోండి.

చివరగా ఒకసారి

పని అయ్యాక దీపాలన్నీ అరగంట వెలిగించి అతుకులు, వైర్లు వేడెక్కుతున్నాయేమో చేత్తో తాకి చూడండి. సీట్లను ముందుకీ వెనక్కీ పూర్తిగా జరిపి వైరు నలగడం లేదని నిర్ధారించుకోండి. డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపం వెలుగుతుంటే కారును మెకానిక్‌కు చూపించేదాకా ఆ సంగతి వదలకండి. రేడియోలో కొత్తగా గరగర వినిపిస్తే కంట్రోలరు నాసిరకమని అర్థం. ఫ్యూజు పదేపదే పోతుంటే పెద్ద ఫ్యూజు వేయడం పరిష్కారం కాదు. ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అది చెబుతోంది. వైరు విప్పి ఆ చోటు వెతకండి. దొరకకపోతే కారు ఆడియో బిగించే దుకాణంలో ఒక గంట కూలి ఇచ్చి చేయించుకోండి. మూడు డాలర్ల ఫ్యూజు, పది నిమిషాల మల్టీమీటరు పని, ఇంటిల్లిపాదీ ప్రయాణించే బండికి ఈ మాత్రం జాగ్రత్త ఎక్కువేమీ కాదు.