టెన్నిస్ రాకెట్టూ, మన మోచేయీ

మన సంఘ సభ్యులలో వేసవి రాగానే రాకెట్టు చేతబట్టి పార్కులకు బయలుదేరేవారి సంఖ్య ఏటేటా పెరుగుతోంది. సంతోషించదగ్గ విషయం. మన ఊళ్ళలో టెన్నిస్ అంటే ఆఫీసర్ల క్లబ్బులో ఆడే ఆట. ఇక్కడ అమెరికాలో చాలా ఊళ్ళలో మునిసిపల్ పార్కులోనే కోర్టు ఉంటుంది. అందుచేత చదువుకునే రోజుల్లో రాకెట్టు ముట్టనివారు సైతం ముప్ఫయి అయిదో ఏటనో, నలభయ్యో ఏటనో ఆట మొదలుపెడుతున్నారు. కొన్ని నెలలు గడిచాక వారిలో కొందరు మా వంటి వైద్యుల దగ్గర చొక్కా చెయ్యి మడిచి, మోచేతి బయటివైపు ఎముక మీద వేలుపెట్టి చూపిస్తున్నారు. కాఫీ కప్పు ఎత్తబోతే నొప్పి, తాళంచెవి తిప్పబోతే నొప్పి. ఆ తర్వాత అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "చేతికి సుఖంగా ఉండే రాకెట్టు ఏదండీ?"

ఈ ప్రశ్నకు జవాబు రాకెట్టు చరిత్రలోనే ఉన్నదని మా అభిప్రాయం. కట్టె పోయి లోహం, లోహం పోయి గ్రాఫైటు వచ్చిన క్రమంలో ఆటకు ఏమి కలిసివచ్చిందో, చేతి మీద ఏ భారం పడిందో తెలుసుకుంటే ఎవరికి తగిన రాకెట్టు వారే ఎంచుకోవచ్చు.

జబ్బు ముందు, పేరు తర్వాత

ఈ నొప్పికి "టెన్నిస్ ఎల్బో" అని పేరు. కాని దీన్ని వైద్యగ్రంథాలకు ఎక్కించిన ఘనత టెన్నిస్‌ది కాదు. 1873లో రుంగే అనే జర్మను వైద్యుడు వ్రాతపని చేసేవారికి వచ్చే చేతిబాధ గురించి వ్రాస్తూ దీన్ని వర్ణించాడు. మేజర్ వాల్టర్ వింగ్‌ఫీల్డ్ ఇంగ్లండులో లాన్ టెన్నిస్‌కు పేటెంటు పుచ్చుకున్నది ఆ మరుసటి ఏడు, 1874లో. వింబుల్డన్ పోటీలు 1877లో మొదలయ్యాయి. 1882లో హెన్రీ మోరిస్ అనే శస్త్రవైద్యుడు "లాన్సెట్" పత్రికలో "లాన్ టెన్నిస్ చేయి" అని వ్రాశాడు. ఆట కొత్త ఫ్యాషను కావడంతో పేరు దానికే అంటుకుపోయింది.

నిజానికి ఈ జబ్బుతో వచ్చేవారిలో అధికసంఖ్యాకులు ఎన్నడూ రాకెట్టు పట్టనివారే. వడ్రంగులు, టైపిస్టులు, పిండి కలిపి, బట్టలు పిండి, బరువైన గిన్నెలు ఎత్తే ఇల్లాళ్ళు. మన సచిన్ టెండూల్కర్‌కు కూడా ఇదే జబ్బు 2004లో పట్టుకుని, 2005లో ఆపరేషను దాకా తీసుకువెళ్ళింది.

మణికట్టును వెనక్కు లేపే కండరాలు మోచేతి బయటి ఎముక దగ్గర మొదలవుతాయి. వాటిలో ఎక్స్‌టెన్సర్ కార్పై రేడియాలిస్ బ్రెవిస్ అనే కండరానికి పేరు పొడుగు, మొదలు సన్నం. దెబ్బ తినేది ముఖ్యంగా దాని నరంతాడు. చాలాకాలం ఇది వాపు అనుకున్నాము. 1979లో నిర్షల్, పెట్రోన్ అనే అమెరికన్ శస్త్రవైద్యులు ఆపరేషనులో తీసిన ముక్కల్లో వాపు లక్షణాలు లేవనీ, పోగులు క్రమం తప్పి జీర్ణించి ఉన్నాయనీ ప్రచురించారు. నూతిగిలక మీద ఏళ్ళ తరబడి నడిచిన చేంతాడు పోగులు రేగినట్లన్న మాట. ఇది ఎక్కువగా 35కూ 55కూ మధ్య వయసులో వస్తుంది. మనలో చాలామంది ఆట మొదలుపెట్టే వయసూ సరిగ్గా అదే.

కట్టె రాకెట్టు

తొలి వంద సంవత్సరాలు రాకెట్టు అంటే కట్టెదే. మొదట ఒకే యాష్ బద్దను ఆవిరిపట్టి వంచేవారు. తర్వాత పలుచని పొరలు అతికి చేయడం వచ్చింది. 1931లో వచ్చిన డన్లప్ మాక్స్‌ప్లై ఆ పొరల రాకెట్టుకు పేరుమోసిన ఉదాహరణ. బరువు 13, 14 ఔన్సులు. తల వైశాల్యం 65, 70 చదరపు అంగుళాలు. తేమకు వంకరపోకుండా నాలుగు మరలున్న చెక్క ప్రెస్సులో బిగించి ఉంచేవారు. ఇండియాలో క్లబ్బు టెన్నిస్ చూసినవారికి ఆ ప్రెస్సు గుర్తుండే ఉంటుంది.

కట్టె రాకెట్టులో రెండు సుగుణాలున్నాయి. ఒకటి, అది వంగుతుంది. రెండు, అది బరువు. బంతి బరువు సుమారు 2 ఔన్సులు, రాకెట్టు దానికి ఏడు రెట్లు. అంత బరువు కదలికలో ఉన్నప్పుడు బంతి వచ్చి తగిలినా రాకెట్టు పెద్దగా తొట్రుపడదు. దోషం కూడా ఉంది: తల చిన్నది. బంతి సరిగ్గా నడుమ తగలకపోతే పిడి చేతిలో మెలి తిరుగుతుంది. క్రికెట్ ఆడినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బంతి బ్యాటు నడుమ తగిలితే చేతికి తెలియదు, అంచున తగిలితే భుజందాకా జిమ్మంటుంది.

ఉక్కు యుగం

ఫ్రెంచి ఆటగాడు రెనే లకోస్తు పేరు మొసలి బొమ్మ చొక్కాల వల్ల మన పిల్లలకు కూడా తెలుసు. 1925, 1928 సంవత్సరాలలో వింబుల్డన్ గెలిచిన ఈయన తర్వాత ఉక్కుగొట్టంతో రాకెట్టు తయారుచేశాడు. అదే 1967లో అమెరికాలో విల్సన్ టి-2000 పేరుతో వచ్చింది. గాలికి అడ్డు తక్కువ, బంతి వేగం ఎక్కువ. జిమ్మీ కానర్స్ దాన్ని పదిహేనేళ్ళకు పైగా వదలలేదు. అయితే తల చిన్నదిగానే ఉండటంతో మెలి తిరగడమనే పాత చిక్కు తీరలేదు.

హోవర్డ్ హెడ్ చేసిన పని

ఆ చిక్కు తీర్చినవాడు క్రీడాకారుడు కాదు, విమానాల కంపెనీలో పనిచేసిన ఇంజనీరు. హోవర్డ్ హెడ్ అంతకుముందు లోహపు స్కీలు చేసి పేరు తెచ్చుకున్నాడు. విశ్రాంత జీవితంలో టెన్నిస్ నేర్చుకోబోతే రాకెట్టు చేతిలో మెలి తిరుగుతోంది. మనవంటివాడే. మనం కోచ్‌ను మారుస్తాము, ఆయన లెక్కలు వేశాడు. ఫ్రేము బరువు పిడి గీతకు ఎంత దూరంగా ఉంటే మెలికను అంత గట్టిగా నిలదొక్కుకుంటుంది. అదీ దూరానికి వర్గంలో. అదే బరువుతో తల వెడల్పును నాలుగోవంతు పెంచితే, మెలి తిరగకుండా నిలిచే శక్తి సగానికి పైగా పెరుగుతుంది.

1976లో ఆయనకు పేటెంటు వచ్చింది. ఆ ఏడే ప్రిన్స్ కంపెనీ 110 చదరపు అంగుళాల అల్యూమినియం రాకెట్టును విడుదల చేసింది. ముసలివాళ్ళ రాకెట్టు అని నవ్వినవారున్నారు. 1978లో పామ్ ష్రైవర్ అనే పదహారేళ్ళ అమ్మాయి దానితోనే యు.ఎస్. ఓపెన్ ఫైనలుకు చేరింది. క్రిస్ ఎవర్ట్ చేతిలో ఓడినా, నవ్వులు ఆగిపోయాయి. మోచేయి కోణంలో చూస్తే రాకెట్టు చరిత్రలో ఇంతటి మేలు మరొకటి జరగలేదని మేము భావిస్తాము.

గ్రాఫైటు, ఆ తర్వాత తేలిక పిచ్చి

1980ల ఆరంభంలో గ్రాఫైటు కోర్టునంతా ఆక్రమించింది. 1983లో యానిక్ నోవా ఫ్రెంచి ఓపెన్ గెలిచిన తర్వాత కట్టె రాకెట్టుతో పురుషుల గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిలు ఎవరికీ దక్కలేదు. తొలి గ్రాఫైటు రాకెట్లు బరువైనవే. పీట్ సాంప్రాస్ పట్టిన 85 చదరపు అంగుళాల ప్రో స్టాఫ్ 12 ఔన్సులు దాటుతుంది. 1987లో విల్సన్ ప్రొఫైల్‌తో వెడల్పు ఫ్రేములు వచ్చాయి. ఫ్రేము మందం పాతవాటికి దాదాపు రెండింతలు కావడంతో బిరుసుతనం బాగా పెరిగింది. ఇంత బిరుసైన ఫ్రేముకు బరువెందుకని ఆ తర్వాత బరువు తగ్గించుకుంటూ వెళ్ళారు. 1990ల చివరికి 9 ఔన్సులకు తక్కువ రాకెట్లు దుకాణాలకు వచ్చాయి.

ఇక్కడే మన ప్రశ్నకు ముడి ఉంది. దుకాణంలో చేతిలోకి తీసుకోగానే తేలికగా ఉన్న రాకెట్టు సుఖంగా తోస్తుంది. కాని దుకాణంలో బంతి లేదు. 9 ఔన్సుల రాకెట్టు బంతికి నాలుగున్నర రెట్లు మాత్రమే బరువు. బంతి తాకినప్పుడు అది ఎక్కువ వెనక్కు తగ్గుతుంది, ఎక్కువ మెలి తిరుగుతుంది. దాన్ని నిలబెట్టే పని ముంజేతి కండరాల మీద పడుతుంది. కట్టె రాకెట్టులో బరువు మోసిన దెబ్బను ఇప్పుడు చేయి మోస్తోంది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అనే సామెత ఈ విషయంలో మన జేబుకూ చేటే, చేతికీ చేటే.

బిరుసుతనం గురించి మాత్రం శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. బంతి తీగెల మీద ఉండేది సెకనులో రెండువందలో వంతు. ఆ తర్వాత కూడా ఫ్రేము కంపిస్తూ ఉంటుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్రాచార్యులు హోవర్డ్ బ్రోడీ 1979 నుంచి వ్రాసిన వ్యాసాలలో, ఆ కంపనం కనిష్ఠంగా ఉండే చోటు, పిడికి కుదుపు రాని చోటు, బంతి బలంగా తిరిగివెళ్ళే చోటు వేర్వేరని చూపారు. 1992లో జర్మను పరిశోధకులు పెద్ద తల, ఎక్కువ బిరుసు ఉన్న రాకెట్లతో ముంజేతికి చేరే కంపనం తక్కువని కొలిచారు. అయితే తొలి కుదుపు వేరు, వెనువెంట వచ్చే కంపనం వేరు. బిరుసు ఫ్రేములో కుదుపు సూటిగా వస్తుంది. నొప్పి ఒకసారి వచ్చిన చేతికి కొంచెం వంగే ఫ్రేమే సుఖమని మేము చూసిన ఆటగాళ్ళు చెబుతున్నారు.

గట్టింగ్ సంగతి

రాకెట్టు మార్చేముందు మార్చవలసింది గట్టింగ్. ఇందులో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. 1875లో లియాన్ నగరంలో పియర్ బాబొలా గొర్రె పేగులతో మొదటి టెన్నిస్ గట్ చేశాడు. ఈనాడు దాన్ని ఆవు పేగులతో చేస్తున్నారు. చేతికి అంత మెత్తనిది నేటికీ మరొకటి లేదు. అయితే ఆవు పేగు అనగానే మన ఇళ్ళలో చాలామంది వద్దంటారు. వారికి సన్నని నైలాన్ పోగులు అనేకం పేని చేసిన గట్టింగ్ చక్కని ప్రత్యామ్నాయం.

వద్దనవలసింది పాలియెస్టర్‌ను. 1997లో గుస్తావో కుయెర్టెన్ ఈ రకం గట్టింగ్‌తో ఫ్రెంచి ఓపెన్ గెలిచిన తర్వాత ఇది లోకమంతా పాకింది. బంతికి స్పిన్ వస్తుంది, నిజమే. కాని అది బిరుసు తీగె, త్వరగా చచ్చుబడిపోతుంది. ప్రొఫెషనల్ ఆటగాడు ప్రతి మ్యాచికీ కొత్తది వేయిస్తాడు. మనవాళ్ళు తెగేదాకా ఆడతారు, అది తెగనే తెగదు.

తీగెల మధ్య పెట్టే రబ్బరు బిళ్ళ శబ్దాన్ని మాత్రమే ఆపుతుంది. ఫ్రేము కంపనం దానికి లొంగదు, మోచేతికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఏమి కొనాలి, ఏమి చేయాలి

మిత్రులకు మేము చెప్పేది ఇది. గట్టింగ్‌తో కలిపి 11 ఔన్సుల పైన బరువు, 98 నుంచి 105 చదరపు అంగుళాల తల, మరీ బిరుసు కాని ఫ్రేము, మెత్తని నైలాన్ గట్టింగ్. టెన్షను మామూలుకంటే నాలుగైదు పౌనులు తక్కువ. బరువు తలవైపు కాక పిడివైపు ఎక్కువగా ఉంటే తిప్పడం కష్టం కాదు. పిడి లావు గురించి పాతకాలపు కొలతలు అనేకం ఉన్నాయి గాని, పావు అంగుళం అటూ ఇటూ అయినా ముంజేతి కండరాల శ్రమలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2006లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. చేతికి ఇమిడితే చాలు.

రాకెట్టు ఒక్కటే దోషి కాదని కూడా చెప్పాలి. 1994లో ప్రచురితమైన ఒక పరిశోధనలో అనుభవజ్ఞులు బ్యాక్‌హ్యాండు కొట్టేటప్పుడు మణికట్టు వెనక్కు లేపి ఉంచుతారనీ, కొత్తవారు ముందుకు వంచుతారనీ కనుగొన్నారు. వంచిన మణికట్టు మీద బంతి పడితే ఆ నరంతాడు ఒక్కసారిగా సాగుతుంది. రెండు చేతులతో బ్యాక్‌హ్యాండు నేర్చుకోవడం మంచి రక్షణ. వారానికి అయిదు రోజులు ఆడకుండా ఆదివారం ఒక్కనాడే మూడు గంటలు ఆడటం మంచిది కాదు.

నొప్పి వచ్చినవారు ఇంజెక్షను కోసం తొందరపడకూడదు. కార్టిజోన్ ఇంజెక్షనుతో మొదటి వారాల్లో హాయిగా ఉంటుంది. 2013లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో ఆ ఇంజెక్షను తీసుకున్నవారిలో నూటికి 54 మందికి నొప్పి తిరగబెట్టింది; ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో నూటికి 12 మందికే తిరగబెట్టింది. దానికి బదులు ముంజేయి బల్లమీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి, ఒకటి రెండు పౌనుల బరువు పట్టుకుని, రెండో చేత్తో మణికట్టు పైకి లేపి, నెమ్మదిగా కిందికి దించాలి. రోజూ చేయాలి. ఫలితానికి నెలలు పడుతుంది. చాలామందికి ఏడాది లోపల తగ్గిపోతుంది.

మనం ఇక్కడికి చేతిపనిని నమ్ముకునే వచ్చాము. శస్త్రవైద్యుడికీ, డ్రాఫ్ట్‌స్‌మన్‌కూ, లాబొరేటరీలో పనిచేసేవారికీ, ఇంటిల్లిపాదికీ వండిపెట్టే ఇల్లాలికీ కుడిచేయే జీవనాధారం. ఆట మానమని మేము అనము. మన వయసులో గుండెకూ మనసుకూ అంతకు మించిన మందు లేదు. ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు అన్నిటికంటే తేలికైన రాకెట్టు చూపించి మంచిదంటే, దాన్ని కొనకండి. అరువు తీసుకుని ఒక గంట కోర్టులో ఆడండి, మర్నాడు పొద్దున కాఫీ కప్పు ఎత్తి చూడండి. ఆ తర్వాతే డబ్బు చెల్లించండి.