ప్లగ్గు కుదిరితే చాలా? సర్వో ప్రమాణాల చరిత్ర

కణేకల్ ప్రాంతం నుంచి చదువుతున్న మీలో చాలామంది గుంతకల్లు జంక్షను చూసే ఉంటారు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం అక్కడ రెండు కొలతల పట్టాలుండేవి. బ్రాడ్ గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజి వెడల్పు 1,000 మిల్లీమీటర్లు. ఒక గేజి బండి రెండో గేజిపై నడవదు. అందువల్ల సరుకును దించి మళ్లీ ఎక్కించవలసి వచ్చేది. ఈ ఇబ్బందిని తగ్గించడానికే భారతీయ రైల్వే 1992లో ఏక గేజి పథకాన్ని చేపట్టింది. అయితే ఆ తేడా కంటికి కనిపించేది కనుక పొరపాటున ఒక బండిని రెండో గేజిపైకి పంపే అవకాశం లేదు.

ఇప్పుడు కంటికి కనిపించని తేడాను పరిశీలిద్దాం. రేడియోతో నడిపే చిన్న కారులో ముందు చక్రాలను పక్కకు తిప్పే పరికరమే సర్వో. అందులో ఒక మోటారు, పళ్ల చక్రాలు, ఇరుసు ఎంత తిరిగిందో తెలిపే భాగం, ఆ స్థానాన్ని వచ్చిన ఆదేశంతో పోల్చే సర్క్యూటు ఉంటాయి.

చేతిలోని చక్రాన్ని ఎంత తిప్పితే కారు చక్రాలు అంతే తిరిగే పద్ధతి 1960లలో రూపుదిద్దుకుంది. రిసీవరు సెకనుకు సుమారు 50 సార్లు, అంటే 20 మిల్లీసెకన్లకు ఒకసారి, సర్వోకు విద్యుత్ పల్స్ పంపుతుంది. పల్స్ నిడివి 1.5 మిల్లీసెకన్లయితే చక్రాలు తిన్నగా ఉంటాయి. అది 1కి తగ్గితే ఒక పక్కకు, 2కి పెరిగితే మరో పక్కకు తిరుగుతాయి. నాలుగు నికెల్ కాడ్మియం సెల్స్ ఇచ్చే 4.8 వోల్టులతో ఇదంతా నడిచేది. తయారీదారుల వాడుకలో క్రమంగా స్థిరపడిన ఒప్పందమిది.

తర్వాత ఏం మారిందో గమనించండి. 1990ల నుంచి మోటారును మరింత వేగంగా సరిదిద్దే డిజిటల్ సర్వోలు వ్యాపించాయి. 2000ల మధ్య నుంచి 2.4 గిగాహెర్ట్జ్ రేడియోలు వచ్చాయి. పందెపు కార్ల రిసీవర్లలో కొన్ని సెకనుకు వందల పల్స్‌లు పంపసాగాయి. రెండు సెల్స్ లిథియం పాలిమర్ బ్యాటరీ నామమాత్రపు వోల్టేజి 7.4 కాగా, పూర్తిగా చార్జి చేసినప్పుడు అది 8.4 వోల్టులు. కానీ మూడు తీగల ప్లగ్గు రూపం దాదాపుగా మారలేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. పాత అనలాగ్ సర్వోను వేగపు రిసీవరుకు తగిలిస్తే ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది. కానీ పల్స్‌ల మధ్య విరామం తగ్గడంతో సర్వో వణుకుతుంది, వేడెక్కుతుంది, చివరకు కాలిపోవచ్చు. 6 వోల్టుల సర్వోకు 8.4 వోల్టులు ఇచ్చినా నష్టమే. దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. శక్తిమంతమైన కొత్త సర్వో ఎక్కువ కరెంటు లాగితే పాత విద్యుత్ సరఫరా వోల్టేజి పడిపోతుంది. అప్పుడు రిసీవరు క్షణకాలం ఆగి, కారు అదుపు తప్పుతుంది.

కాబట్టి కూడబెట్టిన డబ్బుతో పాత సర్వో కొనేవారు మూడు విషయాలు సరిచూసుకోవాలి: సర్వో తట్టుకునే వోల్టేజి, రిసీవరు పంపే పల్స్‌ల వేగం, ప్లగ్గులో తీగల వరుస. పూర్వం కొందరు తయారీదారులు ఈ వరుసను వేరుగా పెట్టేవారు.

చరిత్ర విద్యార్థిగా మీరు గ్రహించవలసింది ఇది: ప్రమాణం పైరూపం నిలిచి ఉన్నంత మాత్రాన లోపలి ఒప్పందం నిలిచి ఉందని అనుకోరాదు. గేజి తేడా బండిని ముందే ఆపింది. ప్లగ్గు పోలిక ఆ హెచ్చరికను కూడా లేకుండా చేసింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సెకనుకు 400 పల్స్‌లు పంపే రిసీవరులో రెండు పల్స్‌ల ఆరంభాల మధ్య వ్యవధి ఎంత? దాన్ని పాత పద్ధతిలోని 20 మిల్లీసెకన్లతో పోల్చి, అనలాగ్ సర్వో ఎందుకు వేడెక్కుతుందో వివరించండి.